బోర్డు వెనక మిగిలిన రంగు: మేడ మీద తొమ్మిది నెలల ఎండ డైరీ

జనవరి 19, ఆదివారం

ఇంటి ముందు పేరు బోర్డుకున్న స్క్రూ ఒకటి తుప్పు పట్టి ఊడింది. మారుద్దామని బోర్డు మొత్తం దించాను. వెనక గోడ మీద బోర్డంత మేర దానిమ్మ గింజల రంగు. చుట్టూ గోడంతా నీళ్ళు కలిపిన గులాబి. గృహప్రవేశానికి మేం వేయించిన రంగు ఇదన్నమాట! రోజూ చూస్తూ చూస్తూ అసలు రంగు ఎలా ఉండేదో ఇంటిల్లిపాదీ మర్చిపోయాం. అమ్మ బయటికొచ్చి, "అదేంట్రా, అక్కడొక్కచోటే కొత్త రంగేశావు?" అంది.

ఇంకా మూడేళ్ళు నిండలేదు. మేస్త్రీకి ఫోన్ చేశాను. "బెజవాడ ఎండ సార్. దానికి ఏం ఆగుద్ది చెప్పండి?" అన్నాడు.

ఆగింది ఉంది. అదే గోడ కింద అరుగుకి రెడ్ ఆక్సైడ్ గచ్చు చేయించాం. అదీ అదే ఎండలో ఉంటుంది. ఎరుపు ఇసుమంతైనా తగ్గలేదు. అంటే తప్పు ఒక్క ఎండదే కాదు.

ఇంకోటి. గోడకి అరచెయ్యి ఆనించి తీస్తే చేతికి పొడి అంటింది, సుద్దముక్క పట్టుకున్నప్పటిలా. గోడేమో గులాబి, అంటిన పొడి మాత్రం దాదాపు తెలుపు. రంగు పోవడం కంటే ఇదే నన్ను ఎక్కువ తికమక పెట్టింది. ఎర్రది ఎటు పోయింది? తెల్లది ఎందుకు ఊడొస్తోంది?

పాలిటెక్నిక్ ల్యాబులో పనిచేసేవాడికి ఇలాంటి ప్రశ్న దొరికితే ఊరుకుంటాడా! మేడ మీద స్టాండు పెట్టి, రంగులు పూసిన ముక్కలు ఎండలో పెట్టి చూద్దామనుకున్నాను. బోర్డు మళ్ళీ బిగించలేదు. ఆ చోటు వెలిసిపోకుండా నల్ల అట్టముక్క ఒకటి అంటించి ఉంచాను.

ఫిబ్రవరి 2

స్టాండు తయారైంది. మూలపడ్డ కూలర్ స్టాండు యాంగిళ్ళే, పైన ఒక ప్లైవుడ్ పలక.

రంగులకి ఎండ పరీక్ష అంటే ప్రపంచమంతా చెప్పుకునే చోట్లు రెండు, అమెరికాలోని ఫ్లోరిడా, అరిజోనా. ఒకచోట ఎండకి తేమ తోడు, ఇంకోచోట ఎండకి పొడి వేడి తోడు. ముక్కల్ని దక్షిణానికి తిప్పి 45 డిగ్రీల వాలులో పెట్టడం అక్కడ మామూలు. నేనూ మొదట అలాగే బిగించి, మర్నాడు విప్పేశాను. విజయవాడ ఉన్నది 16.5 డిగ్రీల అక్షాంశం మీద. మే మొదటి వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నం సూర్యుడు మనకి నడినెత్తి దాటి కొంచెం ఉత్తరానికే ఉంటాడు. దక్షిణానికి అంత వాల్చి పెడితే, సరిగ్గా ఎండలు ముదిరిన నెలల్లోనే ముక్కలకి ఎండ ఏటవాలుగా తగులుతుంది. వాన నీళ్ళు జారిపోయేంత వాలు ఉంటే చాలని 10 డిగ్రీలు పెట్టాను. గోడ నిలువుగా ఉంటుంది కాబట్టి నా ముక్కలకి గోడకంటే ఎండ ఎక్కువే. ఫలితం తొందరగా తేలుతుంది, మంచిదే.

ముక్కలు మొత్తం 24. సగం సిమెంటు షీటువి, సగం అల్యూమినియం రేకువి. సైజు 15 సెంటీమీటర్లు బై ఏడున్నర. ప్రతి ముక్కకీ ఎడమ సగానికి వంటింటి ఫాయిల్ రెండు మడతలు చుట్టాలి. బోర్డు గోడకి చేసిన పని ఈ ఫాయిల్ ముక్కకి చేస్తుంది.

ఫిబ్రవరి 9

రంగులు కలిపేసరికి సాయంత్రమైంది. అమ్మ పచ్చడి సీసాలు పదకొండు బలి. (కొత్తవి కొనిస్తానని మాటిచ్చాను.)

డబ్బాలో ఏం ఉన్నా లెక్కకి రెండే సరుకులు: పొడి, జిగురు. పొడి రంగునిస్తుంది, జిగురు ఆ పొడిని గోడకి పట్టి ఉంచుతుంది. పొడి చెడితే రంగు వెలిసిపోతుంది. జిగురు చెడితే పొడి రాలుతుంది. మా గోడకి రెండూ జరిగాయి.

పొడుల్లో మొదటిది మేస్త్రీ మా ఇంటికి తెల్ల ఎమల్షన్‌లో కలిపిన స్టెయినర్ (తెలుపులో కొద్దిగా కలిపే చిక్కటి రంగు), సీసా మీద "ఫాస్ట్ రెడ్" అని ఉంది. తర్వాత హార్డ్‌వేర్ షాపు రెడ్ ఆక్సైడ్, సంతలో కొన్న జాజు (ఎర్రమట్టి), కార్బన్ బ్లాక్, ఆర్ట్ షాపు నుంచి థాలో బ్లూ, ప్రష్యన్ బ్లూ. బట్టలకి పెట్టే పాతకాలం నీలిమందు పొడి (అల్ట్రామెరైన్) కూడా. ఇప్పుడు బుడ్డిలో వస్తున్న ద్రవం కాదు, అది వేరే రంగు. వెనకటికి సున్నంలో చిటికెడు కలిపి గోడలకి కొట్టింది ఈ పొడినే. చివరికి వంటింట్లోంచి పసుపు.

తెలుపు మాత్రం రెండు రకాలు తెచ్చాను. ఇవాళ మార్కెట్లో ఉన్న తెల్ల రంగుల్లో తెలుపు ఎక్కువగా టైటానియం డయాక్సైడ్‌దే. అందులో అనాటేస్ అని ఒకటి, రూటైల్ అని ఒకటి. పరమాణువులు అవే, పేర్చుకున్న తీరు వేరు. వన్‌టౌన్‌లో కెమికల్స్ అమ్మే ఆయన్ని తేడా ఏంటని అడిగాను. "రెండూ టైటానియమే సార్. ఇది చవక, అది ఖరీదు, అంతే" అన్నాడు. ఈ తెలుపు పుట్టేది నల్ల ఇసుకలోంచి. భీమిలి బీచిలో అక్కడక్కడా నల్లగా మెరిసే ఇసుకలో ఇల్మెనైట్ ఉంటుంది. అందులోంచి ఇనుము తీసేస్తే మిగిలేది ఈ తెల్లదనం. కేరళలో ప్రభుత్వ ఫ్యాక్టరీలు రెండున్నాయి. తిరువనంతపురంలోది అనాటేస్ చేస్తుంది, కొల్లం దగ్గర చవరలోది రూటైల్.

జిగురు రెండు రకాలు. సగం ముక్కలకి వడ్రంగులు వాడే తెల్ల జిగురు, నీళ్ళు కలిపి. సగానికి బయటి గోడల మీద కొట్టే పారదర్శక యాక్రిలిక్. రెండోది ఖరీదు కాబట్టి పొదుపు చేశాను. పొడి ఏదీ కలపకుండా ఉత్త యాక్రిలిక్ ఒక ముక్కకి రాసిపెట్టాను. ఎందుకో అప్పుడు పెద్దగా ఆలోచించలేదు, మిగిలింది కదా అని రాశాను.

ఫిబ్రవరి 12

పసుపు ముక్క ఒక్క రోజుకే పాలిపోయింది. మూడో రోజు సాయంత్రం ఫాయిల్ విప్పితే ఎడమవైపు మేలిమి పసుపు, కుడివైపు మజ్జిగ. చీర మీద పప్పు మరక పడితే ఉతికి ఎండలో ఆరేయమనడం ఇందుకే. పసుపులోని కర్కుమిన్ అణువు వెలుతురు తాగి, ఆ ఊపుకే తెగిపోతుంది. తెగిన ముక్కలకి రంగు లేదు.

వస్త్రాల పరిశ్రమలో బ్లూ వుల్ అని ఎనిమిది నీలి ఉన్ని ముక్కల సెట్టు వాడతారు. ఒకటో నంబరు ఇట్టే వెలుస్తుంది, నంబరు పెరిగినకొద్దీ సుమారుగా రెట్టింపు కాలం పడుతుంది. దాన్ని తెప్పించేంత బడ్జెట్ లేదు. అందుకని ప్రతి ఆదివారం కొత్త పసుపు పట్టీ ఒకటి స్టాండు చివర అంటించాలని నిర్ణయం. మబ్బు వారమా, ఎండ వారమా అన్నది దాన్ని చూస్తే తెలిసిపోతుంది.

మార్చి 2

ప్రష్యన్ బ్లూ ముక్క చూసి కంగారుపడ్డాను. మూడు వారాలకే నీలం పోయి గోధుమ మరకలు. బెజవాడ ఎండ మహిమే అని రాసుకోబోయి, అలవాటుగా ఫాయిల్ ఎత్తాను. కింద కూడా అదే గోధుమ! ఎండ సోకని చోట ఎలా పోయింది?

ఎండ కాదు, సిమెంటు. కొత్త సిమెంటులో సున్నపు ఘాటు ఉంటుంది, ప్రష్యన్ బ్లూ దానికి ఆగదు. విరిగిపోయి ఇనుము గోధుమ రంగులో బయటపడుతుంది. అల్యూమినియం రేకు మీది ప్రష్యన్ బ్లూ నిక్షేపంగా ఉంది. పక్కనే సిమెంటు మీది నీలిమందుకి కూడా ఏమీ కాలేదు. సున్నానికి తట్టుకుంటుంది కాబట్టే పాతవాళ్ళు సున్నంలో అదే వేశారు. అదే నీలిమందు మీద నిమ్మరసం పిండితే మాత్రం తేలిపోతుంది, ఆమ్లం దానికి పడదు.

ఫాయిల్ లేకపోతే ఈ తప్పు కూడా ఎండ ఖాతాలోనే రాసేవాడిని. కొత్త ప్లాస్టరింగు సరిగ్గా ఆరకముందే రంగు కొట్టించి, మచ్చలు మచ్చలుగా పోతే ఎండని తిట్టుకునేవాళ్ళు ఎంతమందో.

మార్చి 30, ఉగాది

ఏడు వారాలు. ఫోన్‌తో ఫొటోలు తీసి రంగు కొలుద్దామన్న ఆలోచన పెద్దగా కలిసిరాలేదు. ఫోను తెలివిమీరిపోయి వెలిసిన ఎరుపుని అందంగా చేసి చూపిస్తోంది. ఆటోమేటిక్ సర్దుబాట్లన్నీ ఆపేసి, పక్కన బూడిదరంగు అట్ట పెట్టి, పొద్దున ఎనిమిదికి నీడలోనే తీస్తున్నాను. అయినా నా కన్నే నయం. ఫాయిల్ అంచు దగ్గర గీత కనిపిస్తే వెలిసినట్టు, కనిపించకపోతే లేదు.

గీత మొట్టమొదట పడింది ఫాస్ట్ రెడ్, అనాటేస్ కలిపిన ముక్క మీద. రూటైల్‌తో కలిపినదాని మీద లీలగా. తెలుపు కలపని ఉత్త ఫాస్ట్ రెడ్ మీద ఏమీ లేదు. అదే సీసా, అదే ఎరుపు, అదే ఎండ.

ఏప్రిల్ 27

ఏడుపు ఒక్కటే తక్కువ. నిన్న సాయంత్రం గాలివాన. తెల్ల జిగురుతో చేసిన ముక్కలన్నీ పాలు విరిగినట్టు విరిగి కారిపోయాయి. ఎరుపు, నీలం, నలుపు కలిసి ప్లైవుడ్ మీంచి పిట్టగోడ దాకా చారలు. మేడ మీద వడియాల బట్ట కూడా ఉంది, దాని సంగతి రాయను.

తప్పు నాదే. ఆ జిగురు ఎండితే గట్టిగానే ఉంటుంది, తడిస్తే మళ్ళీ మెత్తబడుతుంది. ఇంటి లోపలి కర్రపనికి చేసినదాన్ని మేడ మీద పెట్టి వానకి ఆగమంటే ఎలా? మిగిలినవి పన్నెండు. ముఖ్యమైనవి ఎనిమిది యాక్రిలిక్‌తో మళ్ళీ చేశాను, వెనక కొత్త తేదీ రాశాను. పదకొండు వారాల ఎండ వృథా.

మే 18

మేడ మెట్లు ఎక్కాలంటే భయం. మధ్యాహ్నం కార్బన్ బ్లాక్ ముక్క మీద వేలు ఆనించలేకపోయాను. అయినా ఆ ముక్క మొదటిరోజు ఎలా ఉందో అలాగే ఉంది. నల్ల మసి ఎండలోని అతినీలలోహిత కిరణాల్ని తానే మింగేస్తుంది, జిగురు దాకా పోనివ్వదు. ఇక్కడే ఒకటి అర్థమైంది: వేడి పనిని తొందరచేస్తుంది కానీ అసలు దెబ్బ వేడిది కాదు.

ల్యాబు బోర్డు మీద వేసే చిన్న లెక్క ఒకటి ఉంది. 1,20,000ని కాంతి తరంగదైర్ఘ్యంతో (నానోమీటర్లలో) భాగిస్తే, ఒక మోల్‌కి (అణువుల్ని లెక్కపెట్టే కొలత) ఎన్ని కిలోజౌళ్ళ శక్తో సుమారుగా వస్తుంది. నేల మీదికి చేరే ఎండలో అన్నిటికంటే పొట్టి కిరణం 295 దగ్గర. అంటే 400 కిలోజౌళ్ళ పైమాట. రెండు కార్బన్ పరమాణువుల మధ్య ఒంటి బంధం తెగడానికి దాదాపు 347 చాలు. ఎండలో ఈ అతినీలలోహితం పాలు సుమారు అయిదు శాతమే, కానీ ఆ అయిదు దగ్గర కత్తెర ఉంది.

అయితే కత్తెర ఉంటే చాలదు, గుడ్డ దాని నోట్లో పడాలి. అణువు ఆ కిరణాన్ని పీల్చుకుంటేనే తెగుతుంది. ఊరికే మిగిలింది కదా అని రాసిన ఉత్త యాక్రిలిక్ ముక్క ఇప్పుడు పనికొచ్చింది. మూడు నెలల పైన ఎండలో ఉండి కూడా గాజులా మెరుస్తోంది. యాక్రిలిక్ ఈ కిరణాల్ని పెద్దగా పట్టించుకోదు, దారి ఇచ్చేస్తుంది. ఎపాక్సీ అలా కాదు, పీల్చుకుని పొడిపొడి అవుతుంది. అందుకే ఎపాక్సీ కొట్టిన ఇనుము మీద బయటైతే పాలీయురెథేన్ కోటు వేస్తారు.

మరి మా గోడ రంగులో జిగురు కూడా యాక్రిలిక్కే కదా. ఎండకి అది చెడకపోతే పొడి ఎందుకు రాలింది?

రెండు ముక్కల మీద పాత కిటికీ అద్దం పెట్టాను. మామూలు అద్దం 320 నానోమీటర్ల కింది కిరణాల్ని చాలావరకు ఆపుతుంది. చూద్దాం.

జూన్ 22

వానలు మొదలయ్యాయి. చిన్నదాని పాత నల్ల యూనిఫాం స్కర్టు చింపి, ఆ గుడ్డతో ఒక్కో ముక్కనీ ఒక్కసారి అదే ఒత్తుడుతో తుడుస్తున్నాను. అనాటేస్ కలిపిన అన్నిటికీ గుడ్డ మీద తెల్లటి చార, వేలి వెడల్పున. రూటైల్‌వి దాదాపు శుభ్రం. ఉత్త జిగురుకి ఏమీ లేదు.

అంటే జిగురుని తిన్నది ఎండ కాదు, ఎండ తగిలిన తెలుపు.

జూలై 13

రెండు వారాలు కుండపోత. ఇవాళ గుడ్డ పరీక్షలో అనాటేస్ ముక్కలు కూడా శుభ్రంగా వచ్చాయి. జూన్‌లో రాసింది కొట్టేద్దామా అన్నంత అనుమానం. టీ తాగి మళ్ళీ పైకెళ్ళి, ఈసారి ముక్కని కంటి ఎత్తులో అడ్డంగా పట్టుకుని చూశాను. ఫాయిల్ కింద సగం నున్నగా ఉంది. ఎండ సగం గరుకుగా, పల్చగా, అంచు దగ్గర గోరుకి తగిలేంత మెట్టు. పొడి తగ్గలేదు, వాన కడిగేసింది. పై పొర పోయి కొత్త పొర బయటపడింది, ఎండ రాగానే దాని వంతు మొదలవుతుంది.

ఒకప్పుడు విదేశాల్లో ఇళ్ళకి వేసే తెల్ల రంగుల్లో ఇదే గుణాన్ని కావాలని పెట్టేవారు. పై పొర పొడై వానకి కొట్టుకుపోతుంటే మురికి కూడా దాంతోనే పోయి ఇల్లు ఎప్పుడూ తెల్లగా కనిపించేది. తెల్ల రంగుకైతే సరే. అదే పొడి కింద గోడకి కారి ఎర్ర ఇటుక మీద పడితే ఇంటాయన ఏమనేవాడో.

ఇక నుంచి మూడు రోజులు వాన లేకుండా గడిచాకే గుడ్డ పరీక్ష.

ఆగస్టు 10

ఇవాళ ముక్కలన్నీ కిందికి దించి హాల్లో నేల మీద పరిచాను. ఫోనుకి తగిలించే చిన్న లెన్సుతో ఒక్కోదాన్ని చూశాను.

రెడ్ ఆక్సైడ్‌లో అనాటేస్ కలిపిన ముక్క చూసి మొదట నిరాశపడ్డాను. ఎండ సగం పాలిపోయి గులాబిగా ఉంది. రెడ్ ఆక్సైడ్ కూడా పోయిందా అనుకుంటూ తడిగుడ్డతో తుడిచాను. గుడ్డ పోయినంత మేరా ఎరుపు తిరిగొచ్చింది! ఫాయిల్ కింది రంగుకీ దానికీ తేడా లేదు. లెన్సులో చూస్తే తేలింది. ఆరిన చోట జిగురు పోయిన పొడి రేణువులు పిండి చల్లినట్టు విడివిడిగా నిలబడి వెలుతురుని చెదరగొడుతున్నాయి, అందుకే తెల్లగా కనిపించింది. తడి తగలగానే ఆ సందులు నిండాయి. ఎరుపు ఎక్కడికీ పోలేదు.

అదే తడిగుడ్డ ఫాస్ట్ రెడ్, అనాటేస్ ముక్క మీద తుడిస్తే తెలుపు తెలుపే. అక్కడ ఎరుపు నిజంగా లేదు.

వెంటనే బయటికెళ్ళి గోడ మీద చెంబెడు నీళ్ళు పోశాను. కొంచెం ముదిరింది, దానిమ్మ గింజ రాలేదు. ఎవరైనా ఇంటి గోడ మీద చేసి చూడొచ్చు, ఖర్చు చెంబెడు నీళ్ళు. తడిపితే పాత రంగు తిరిగొస్తే జిగురు పోయినట్టు. రాకపోతే రంగే పోయినట్టు.

అనాటేస్ లోపల జరిగేది ఇదీ. సుమారు 387 నానోమీటర్లకంటే పొట్టి కిరణం తగలగానే రేణువులో ఒక ఎలక్ట్రాన్ ఎగిరి, దాని చోటు ఖాళీ అవుతుంది. ఆ ఎలక్ట్రాన్ గాలిలోని ఆక్సిజన్‌ని, ఆ ఖాళీ చోటేమో తేమని పట్టుకుని, దేన్నైనా కొరికే రాడికల్స్‌ని పుట్టిస్తాయి. అవి పక్కనున్న జిగురుని కొరుకుతాయి, పక్కనున్న ఫాస్ట్ రెడ్‌నీ కొరుకుతాయి. అనాటేస్ మాత్రం చెక్కుచెదరదు. తర్వాతి కిరణానికి సిద్ధం. పని చేయించేది, తాను అరగనిది, అంటే ఉత్ప్రేరకం. నా చేతికి అంటిన పొడి తెల్లగా ఎందుకుందో దీంతో తేలిపోయింది: ఎర్రది తినేశారు, తిన్నవాడు మిగిలాడు.

ఇది కొత్త సంగతేం కాదు. టైటానియం తెలుపు మార్కెట్లోకి వచ్చింది 1910లలో. 1938లో లండన్‌లో గుడీవ్, కిచెనర్ అనే ఇద్దరు టైటానియం డయాక్సైడ్ మీద పట్టించిన రంగు వెలుతురులో ఎలా తెల్లబడుతుందో కొలిచి ప్రచురించారు. 1972లో ఫుజిషిమా, హోండా ఇదే టైటానియం డయాక్సైడ్‌కి వెలుతురు చూపించి నీళ్ళని విడగొట్టి చూపించాక దానికి కొత్త గిరాకీ వచ్చింది. 2003లో తెరిచిన రోమ్‌లోని జూబిలీ చర్చి తెల్ల గోడల కాంక్రీటులో దీన్ని కావాలనే కలిపారు, ఎండే మురికిని తినేయాలని. గోడలో ఫాస్ట్ రెడ్ లాంటి ఆర్గానిక్ (కార్బన్ మూలమైన) ఎరుపు లేదు, యాక్రిలిక్ లేదు, తినడానికి మురికి తప్ప ఏమీ లేదు. దాని చోట అది మంచిదే.

రూటైల్ నిజానికి ఇంకా ఎక్కువ వెలుతురు పీలుస్తుంది, సుమారు 413 దాకా. కానీ ఎగిరిన ఎలక్ట్రాన్ చాలావరకు మళ్ళీ తన ఖాళీలోనే పడిపోతుంది, కాస్త వేడి పుట్టి ఊరుకుంటుంది. పైగా బయటి రంగులకి అమ్మే రూటైల్ రేణువుల చుట్టూ అల్యూమినా, సిలికా పల్చటి పొర వేస్తారు. పంట తొక్కే ఎద్దు మూతికి చిక్కం కట్టడం లాంటిది. షాపాయన చెప్పిన "చవక, ఖరీదు, అంతే" వెనక ఉన్నది ఆ చిక్కం.

అద్దం కింది ముక్కలు: పొడి తక్కువ, కానీ ఫాస్ట్ రెడ్ అక్కడా వెలిసింది. 320 పైన ఉన్న వెలుతురే చాలు దానికి.

ఆగస్టు 24

రూటైల్‌తో కలిపినా ఫాస్ట్ రెడ్ కొంత వెలిసింది, ఉత్తది మాత్రం ఇప్పటికీ ఎర్రగానే ఉంది. చిక్కం కట్టాక కూడా ఈ తేడా ఎందుకని వారంగా ఆలోచిస్తున్నాను. ఉత్త ఎరుపులో పై వరుస చచ్చినా కింద పది వరుసలు ఉంటాయి, అవి కనిపిస్తాయి. తెలుపులో చిటికెడు ఎరుపు కలిపితే, ఉన్నదే కొంచెం. పైగా తెలుపు వెలుతురుని అటూ ఇటూ తిప్పి కొడుతుంది, ఒక్కో ఎర్ర రేణువుకీ నాలుగు వైపుల నుంచీ దెబ్బ. లేత రంగులు ముందు పోయేది ఇందుకే.

ఎరుపు ఎక్కువ శక్తి ఉన్న నీలి కాంతిని పీల్చుకుంటుంది కాబట్టే ముందు పోతుందని చాలామంది అంటారు. నాకది సగమే నిజమనిపిస్తుంది. రెడ్ ఆక్సైడూ, జాజూ అదే నీలి కాంతిని పీలుస్తాయి, వాటికేం కాలేదే? జాజు అంటే తుప్పే, ఇనుము ఆక్సిజన్‌తో కలవాల్సినంతా కలిసిపోయింది. తుప్పుకి కొత్తగా ఏం తుప్పు పడుతుంది? భూపాలపల్లి వైపు పాండవుల గుట్టలో రాతి మీద ఆదిమానవులు ఎర్రమట్టితో గీసిన బొమ్మలు ఇప్పటికీ కనిపిస్తున్నాయి. థాలో బ్లూకీ ఏం కాలేదు, అది ఆర్గానిక్ అయినా సరే. అణువు కట్టుబడి గట్టిదైతే ఎండ ఏం చేయలేదు.

ఖనిజమైతే చాలు, గట్టిదే అనుకోవడం కూడా తప్పే. విట్రూవియస్ అనే రోమన్ వాస్తుశిల్పి రెండు వేల ఏళ్ళ క్రితం ఒక గుమాస్తా కథ రాసిపెట్టాడు. ఫాబెరియస్ అని, రోమ్‌లో అవెంటైన్ గుట్ట మీద ఇల్లు. లోపలి ఆరుబయట నడవ గోడలన్నీ ఇంగిలీకంతో (పాదరసం, గంధకం కలిసిన ఎర్ర ఖనిజం) ఎర్రగా పూయించాడు. ముప్పై రోజులకే వికారమైన రంగులోకి తిరిగిపోయి, పాపం మళ్ళీ వేరే రంగులు వేయించుకున్నాడు. ఇంగిలీకం ఎండకి వెలవదు, నల్లబడుతుంది. ఆయనకి ముప్పై రోజులు, నాకు మూడేళ్ళు. నేనే నయం.

సెప్టెంబరు 14

మేస్త్రీని పిలిపించి ముక్కలన్నీ చూపించాను. ఎత్తి, తిప్పి, గోటితో గీకి, వాసన కూడా చూశాడు. ఫాస్ట్ రెడ్ ముక్క దగ్గర ఆగాడు.

"ఫాస్ట్ అని రాశాడు కద సార్?"

"రంగుల భాషలో ఫాస్ట్ అంటే గట్టిగా పట్టుకునేదని."

"నేను తొందరగా పోయేదేమో అనుకున్నా" అని నవ్వాడు. తర్వాత కొంచెం గంభీరంగా, "తెలుపు మంచి కంపెనీదే వేశాను సార్, మీరే కొన్నారు" అన్నాడు. నిజమే. డబ్బా నేనే కొన్నాను, అయితే తక్కువ ధర రకం. అందులో ఏ తెలుపు ఉందో డబ్బా మీద లేదు, నా దగ్గర నిరూపించడానికీ ఏమీ లేదు. స్టెయినర్ సీసా మాత్రం ఇంకోసారి భూతద్దంతో చూశాం. లోపలి గోడలకి వాడమని చీమతలకాయంత అక్షరాల్లో ఉంది. ఇద్దరం మూడేళ్ళ క్రితం చదవలేదు.

అదే దానిమ్మ రంగు రెడ్ ఆక్సైడ్‌తో రాదు. నారింజ, ఇటుక వైపు వెళ్తుంది. అమ్మకి నమూనా చూపిస్తే, "కుండ రంగు. బాగుంది, మన ఊళ్ళో ఇల్లు ఇలాగే ఉండేది" అంది. ఖాయం చేశాం. బయటి గోడల రకం యాక్రిలిక్, అందులో రెడ్ ఆక్సైడ్, కొంచెం ఎల్లో ఆక్సైడ్. ఫాస్ట్ అన్న మాట ఉన్న సీసా ఏదీ గుమ్మం తొక్కకూడదు.

అక్టోబరు 12

దీపావళికి ముందే అయిపోయింది. రంగు కంటే గోడ కడగడానికే ఎక్కువ రోజులు పట్టింది. పొడి మీద కొత్త రంగు కొడితే అది గోడని కాదు, పొడిని పట్టుకుంటుంది, పెచ్చులుగా లేస్తుంది. వైరు బ్రష్‌తో రుద్ది, నీళ్ళతో కడిగి, ఆరాక నల్లగుడ్డతో తుడిచి చూడటం. చార పడితే మళ్ళీ కడగడం. మూడోసారికి గుడ్డ శుభ్రంగా వచ్చింది. మేస్త్రీ కుర్రాళ్ళు నన్ను చూసి ఏమనుకున్నారో నేను అడగలేదు. తర్వాత ఒక కోటు ప్రైమర్, రెండు కోట్లు రంగు.

బోర్డు చోట నల్ల అట్ట తీశాం. పాత దానిమ్మ రంగు అలాగే ఉంది. మేస్త్రీ రోలర్ ఎత్తాడు. వద్దన్నాను. ఆ ముక్కలో పై సగం పాత రంగు ఉంచేసి, కింది సగానికి మాత్రం కొత్తది వేయించాను. పక్కన పెన్సిల్‌తో తేదీ రాశాను.

"బోర్డు వెనక ఎవరు చూస్తారు సార్?" అన్నాడు స్క్రూ బిగిస్తూ. ఈసారి స్టీలు స్క్రూలు తెచ్చాను, తుప్పు పట్టవు. విప్పడానికి ఇంకో సాకు వెతుక్కోవాలి.